వీడ్కోలు సభకు ముందే ఇంట్లో తేలవలసిన మాటలు

ప్రశ్న: నా భర్త, నేను, 13 ఏళ్ల మా అబ్బాయి, 8 ఏళ్ల మా అమ్మాయి మిషనరీ సేవ నిమిత్తం విదేశానికి వెళ్లడానికి సిద్ధపడుతున్నాము. ఒక మిషన్ సంస్థ మమ్మల్ని అంగీకరించి 14 నెలలయింది. శిక్షణ కూడా పూర్తయింది. అయితే నెలనెలా కావలసిన ఆర్థిక మద్దతులో 60 శాతానికే వాగ్దానాలు వచ్చాయి. గత నాలుగు నెలలుగా అది అక్కడే ఆగిపోయింది. నా భర్త ఉద్యోగం మానేశారు, ఇంట్లో సామాను సగం అమ్మేశాము. ప్రతి ఆదివారం సంఘంలో ఎవరో ఒకరు ‘ఇంకా బయలుదేరలేదా?’ అని అడుగుతున్నారు. ఈ విషయం ఎత్తితే చాలు, మా అబ్బాయి లేచి వెళ్లిపోతాడు. మా అత్తగారికి మధుమేహం ఉంది. ఆమెను మా మరిది ఇంట్లో ఉంచాలని అనుకున్నాము గాని ఆమె ఔననీ కాదనీ చెప్పడం లేదు. ఈ ఆలస్యం మేము వెళ్లకూడదని దేవుడు చూపిస్తున్న సూచనా? ఈ సమయంలో మేము ఏమి చేయాలి? మరొక మాట. నేను అలసిపోయానని నా భర్తతో ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఆయన పిలుపుకు అడ్డుపడినదాన్ని అవుతానేమోనని భయం. — ఒక సహోదరి

సమాధానం:

ప్రియమైన సహోదరికి, ప్రభువు నామమున వందనములు. మీరు అడిగిన ప్రశ్న ఆలస్యం గురించి. కానీ ఉత్తరం మడిచి పక్కన పెట్టిన తరువాత కూడా నన్ను వదలకుండా వెంటాడినది మీ చివరి మాట. 14 నెలలుగా ఒకే కుటుంబ ప్రార్థనలో పక్కపక్కన మోకరిస్తూ కూడా ‘అలసిపోయాను’ అన్న ఒక్క మాటను మీరు భర్తకు చెప్పలేకపోయారంటే, మద్దతు ఎక్కడ ఆగిపోయిందన్నదాని కంటే ముందు చూడవలసినది అదే. అందువల్ల అక్కడినుండే మొదలుపెడతాను. డబ్బు, పిల్లలు, కాగితాల సంగతి తరువాత చూద్దాము.

మా కుటుంబం కూడా ఇటువంటి సిద్ధపాటులో మూడేళ్లు గడిపింది. మేము చేరిన సంస్థలో శిక్షణ ముగిసేముందు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి ఉండేది. నేను నా పిలుపును గురించి గంటసేపు ఉత్సాహంగా చెప్పి బయటికి వచ్చాను. నా భార్య లోపల పది నిమిషాలు కూడా లేదు. ఆమె వారితో అన్నది ఇంతే: ‘నేను వెళ్లడం లేదు, నన్ను తీసుకువెళ్తున్నారు.’ దానితో మా ప్రయాణం ఏడాది వెనక్కి జరిగింది. అప్పట్లో నాకది తలవంపుగా తోచింది. సంఘంలో ఎవరి ముఖం చూడాలన్నా కష్టమైంది. ఆమె మీద కోపం కూడా వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. కానీ ఆ ఏడాదిలో ఆమె తన భయాలను ఒక్కొక్కటిగా బయటపెట్టింది. మేముండబోయే ఊరికి ఆసుపత్రి ఎంత దూరం, పిల్లల చదువు ఎవరి బాధ్యత, తన తల్లికి ఏమైనా అయితే తిరిగి రావడానికి డబ్బు ఎక్కడినుండి వస్తుంది వంటి ప్రశ్నలు వాటిలో సగం. వీటికి నేను జవాబు వెదకగలను, అయినా ఎన్నడూ వెదకలేదు. మిగిలిన సగం జవాబు లేనివి, ఇద్దరం కలిసి మోయవలసినవి. ఏడాది గడిచాక ‘వస్తాను’ అని ఆమె తానుగా అన్నది. ఆ తరువాత ఆ దేశంలో మాకు ఎదురైన చెడ్డ రోజుల్లో మమ్మల్ని నిలబెట్టినది నా పిలుపు కన్నా ఎక్కువగా ఆ మాటే.

మిషనరీ చరిత్రలో ఈ విషయానికి సంబంధించిన కథ ఒకటి ఉంది. సంఘాలలో దాన్ని సగమే చెబుతారు. 1793లో మిషనరీ విలియం కేరీ ఇంగ్లండు నుండి బెంగాలుకు బయలుదేరదలచినప్పుడు ఆయన భార్య డొరోతీ రానన్నది. కడుపులో బిడ్డ, చుట్టూ చిన్నపిల్లలు, ఎన్నడూ చూడని సముద్రం. కేరీ పెద్ద కుమారుడు ఫీలిక్స్‌ను మాత్రం వెంటబెట్టుకుని ఓడ ఎక్కడానికి సిద్ధపడ్డాడు. ఆ ఓడలో ప్రయాణం కుదరక దిగిపోవలసి వచ్చింది. దొరికిన ఆ కొద్ది వ్యవధిలో మళ్లీ వచ్చి అడిగితే, తన చెల్లెలు తోడు వచ్చే షరతు మీద డొరోతీ ఒప్పుకున్నది. చంటిబిడ్డతో జూన్‌లో ఓడ ఎక్కి నవంబరులో బెంగాలు చేరింది. మరుసటి ఏడాది వారి ఐదేళ్ల కుమారుడు పీటర్ రక్తవిరేచనాలతో చనిపోయాడు. ఆ తరువాత ఆమె మతి చెదిరింది. 1807లో కన్నుమూసేవరకు కోలుకోలేదు. ఆ మానసిక వ్యాధికి ఒకే కారణం చెప్పగలిగినవారు ఎవరూ లేరు, ఆనాటి మనుషులకు ఈనాటి తీర్పు చెప్పడం కూడా న్యాయం కాదు. అయినా హడావుడిగా రాబట్టిన ఒప్పుకోలు ఎంత బరువు మోయగలదో ఏ కుటుంబమైనా ఓడ ఎక్కకముందే ఆలోచించుకోవాలి. కేరీ బైబిలు అనువాదాల జాబితాను కంఠస్థం చేసిన సేవకులు చాలామందిలో డొరోతీ పేరు తెలిసినవారు తక్కువ. ఇది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

కాబట్టి ఈ వారమే మీ భర్తతో మాట్లాడండి. పిల్లలు నిద్రపోయాక, ప్రార్థనకు ముందు కాకుండా, మామూలుగా కూర్చున్నప్పుడు చెప్పండి. ప్రార్థనలో చెబితే ఆయన జవాబుగా ప్రార్థిస్తారే తప్ప ప్రశ్నలు అడగరు. ‘నేను వెళ్లను’ అని మీరు అనడం లేదు, మీరు అలసిపోయారు. ఈ రెండూ ఒకటి కావని మొదటే స్పష్టం చేయండి. నోటితో చెప్పడం కష్టమైతే ఈ పత్రికకు వ్రాసిన ఉత్తరాన్నే ఆయన చేతికివ్వండి. ఆ తరువాత, ఇలాంటి జీవితం గడిపి వచ్చిన పెద్దవయసు దంపతులు ఎవరైనా ఉంటే, వారితో ఇద్దరూ కలిసి ఒకసారి, విడివిడిగా ఒకసారి మాట్లాడండి. పాస్టర్ గారితో మాట్లాడవద్దని కాదు; కానీ మిమ్మల్ని పంపాలని ఆశపడుతున్నవారికి మీ అలసట వినిపించడం కొంచెం కష్టం.

ఇక ఆలస్యం సూచనా అన్న ప్రశ్న. పౌలు రోమాకు రావాలని పలుమార్లు ఉద్దేశించి ఆటంకపడ్డానని రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయంలోనూ పదిహేనవ అధ్యాయంలోనూ చెబుతాడు. అయినా చివరికి రోమా చేరాడు. అదే పౌలు బితూనియకు వెళ్లబోతే దారి మూసుకుపోయింది. అక్కడికి కాక మాసిదోనియకు వెళ్లాడు. అంటే ఆటంకం దానంతట అది ఔననీ చెప్పదు, కాదనీ చెప్పదు. ఆటంకానికి అర్థం వెదకడానికి ముందు దాని కారణం వెదకండి. వీసా రాకపోవడం ఒకటి, డబ్బు చాలకపోవడం ఒకటి, ఇంట్లో మనసులు కలవకపోవడం మరొకటి. మీ ఇంట్లో చివరి రెండూ కలిసి ఉన్నాయి గనుక మొదట వాటిని విడదీయాలి. ఆరు నెలల గడువొకటి సంఘ పెద్దలతో, సంస్థతో కలిసి నిర్ణయించుకొని, ఆనాటికి ఏమి జరిగితే బయలుదేరుతారో, ఏమి జరగకపోతే వేరే మార్గం ఆలోచిస్తారో ఇప్పుడే కాగితం మీద వ్రాసి అందరూ సంతకం చేయండి. గడువు లేని ఎదురుచూపు మనిషిని తినేస్తుంది. అంతేకాక అంతియొకయలో బర్నబాను, సౌలును (అంటే పౌలును) ప్రత్యేకించి పంపడం వారు ఒంటరిగా చేసుకున్న నిర్ణయం కాదు. సంఘం ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపింది. అపొస్తలుల కార్యములు పద్నాలుగవ అధ్యాయం చివర వారు తిరిగి అదే సంఘానికి వచ్చి జరిగినదంతా వివరించారు. పంపేవారు నిర్ణయంలో పాలుపంచుకోకపోతే భారంలో కూడా పాలుపంచుకోరు.

డబ్బు విషయంలో మీ భర్తకు కొంచెం కఠినంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. ఉద్యోగం తొందరపడి మానేశారు. సగం రోజు పనైనా సరే, దొరికితే ఇప్పుడు తిరిగి చేరడం విశ్వాసం తగ్గినట్టు కాదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు, విశ్రాంతిదినమున సమాజమందిరంలో తర్కించాడు కూడా. అలాగే మిగిలిన సామాను అమ్మడం నేటితో ఆపండి. బయలుదేరే తేదీ లేకుండా సగం ఖాళీ అయిన ఇంట్లో పిల్లలు నెలల తరబడి బ్రతకడం ఎలాంటిదో ఒకసారి వారి స్థానంలో నిలబడి చూడండి. అది ఇల్లూ కాదు, ప్రయాణమూ కాదు.

నాలుగు నెలలుగా 60 శాతం దగ్గర ఆగిందంటే, చాలామటుకు, మీకు తెలిసినవారి వలయం అయిపోయిందని అర్థం. మా అనుభవంలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. మేము ఉత్తరాలు ముద్రించి వందలమందికి పంపాము. జవాబులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అడగడం యాచించడమేనన్న సిగ్గు నాలో ఉండేది గనుక, ఉత్తరంలో ఏదీ సూటిగా అడగకుండా చుట్టూ తిరిగి వ్రాసేవాడిని. చదివినవారికి మేము ఏమి కోరుతున్నామో అర్థమే కాలేదని తరువాత తెలిసింది. ఆ సిగ్గును విడిపించినది ఫిలిప్పీయుల పత్రిక నాలుగవ అధ్యాయం. అక్కడ పౌలు ఆ సంఘం పంపినదాన్ని తనకు చేసిన దానంగా కాక వారి లెక్కకు చేరే ఫలంగా చూస్తాడు. తరువాత మేము పద్ధతి మార్చాము. అప్పటికే మద్దతు ఇస్తున్న ప్రతి కుటుంబాన్నీ మరొక్క కుటుంబానికి మమ్మల్ని పరిచయం చేయమని అడిగాము. వారి ఇళ్లకు వెళ్లి కూర్చుని, నెలకు ఇంత అని సూటిగా అడిగి, కాదన్నవారితో కూడా మనస్ఫూర్తిగా ప్రార్థించి వచ్చాము. మిగిలిన భాగం ఎనిమిది నెలల్లో సమకూరింది. అందులో పెద్ద మొత్తాలు రెండో మూడో, తక్కినవన్నీ చిన్నవి. ఒకరిద్దరి పెద్ద కానుకల మీద నిలబడిన మద్దతు ఒకరి ఉద్యోగం పోతే కూలిపోతుంది గనుక చిన్నవి ఎక్కువ ఉండటమే మేలు.

మిగిలిన 40 శాతం లేకుండానే ‘విశ్వాసంతో’ బయలుదేరమని కొందరు మీకు చెప్పవచ్చు, మాకూ చెప్పారు. దయచేసి వినవద్దు. 1990వ దశకం మధ్యలో ప్రపంచ ఇవాంజెలికల్ ఫెలోషిప్ మిషన్ కమిషన్ 14 దేశాలలో మిషనరీలు ఎందుకు తిరిగి వచ్చేస్తున్నారో విచారించినప్పుడు, కొత్తగా మిషనరీలను పంపుతున్న దేశాలలో ముందు వరుసలో తేలిన కారణాలలో స్వదేశపు మద్దతు లేకపోవడం ఒకటి. మీ నెలసరి లెక్కను కూడా మరోసారి విప్పి చూడండి. అద్దె, తిండి అందరూ వ్రాస్తారు. మారకపు విలువ పడిపోతే వచ్చే లోటు, ఆరోగ్య బీమా, పిల్లల చదువు, భాష నేర్పేవారి జీతం, నాలుగు తిరుగు టిక్కెట్లు, వృద్ధాప్యానికి దాచుకోవలసినది చాలామంది వ్రాయరు. ఒక్క ప్రక్క మాట: కేరీని పంపిన సొసైటీ 1792లో ఇంగ్లండులోని కెట్టరింగ్‌లో ఏర్పడిననాడు హాజరైనవారు వాగ్దానం చేసిన మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు మాత్రమే. దాని కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ 1815లో చనిపోయేవరకు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. మిషనరీ గనిలోకి దిగేవాడైతే, ఇంటిదగ్గర ఉన్నవారు పైన తాడు పట్టుకునేవారన్న పోలిక ఆయన చెప్పినదే. మీకు ఒక ఫుల్లర్ కావాలి. మీరు వెళ్లిన మూడవ ఏడు, ఉత్సాహం చల్లారాక, మీ పేరు సంఘంలో ఎత్తే మనిషి ఎవరో ఇప్పుడే గుర్తించండి. అలాంటి ఒక్కరు లేకపోతే డబ్బు పూర్తయినా మీరు సిద్ధంగా లేనట్టే.

మీ అబ్బాయి దగ్గరికి వస్తే నా కలం నెమ్మదిస్తుంది, ఎందుకంటే మేము ఎక్కువ తప్పులు చేసినది ఇక్కడే. మా అబ్బాయికి అప్పుడు 11 ఏళ్లు. అతని సైకిలు మాతో రాదు గనుక, సంఘంలో అవసరమున్న ఒక పిల్లవాడికి నేను దాన్ని ఇచ్చేశాను. అందరూ మెచ్చుకున్నారు. అతన్ని అడగలేదు. ఆ రాత్రి అతడు ఏడవలేదు, అలగలేదు. మేము ఎంత మంచి పిల్లవాడని మురిసిపోయాము. ఇప్పుడతనికి 30 దాటాయి. మాతో ప్రేమగా ఉంటాడు. కానీ ఆ సైకిలు సంగతి ఇప్పటికీ ఎత్తుతాడు, నవ్వుతూనే. నవ్వుతున్నాడని నేను తేలికగా తీసుకోలేను. మీ అబ్బాయి లేచి వెళ్లిపోతున్నాడంటే కనీసం తన అసమ్మతిని చూపించగలుగుతున్నాడు. ఆ విధంగా మీరు మా కంటే అదృష్టవంతులు.

13 ఏళ్ల వయసు ఇల్లు మారడానికి సులభమైన వయసు కాదు. స్నేహితులే లోకంగా ఉండే కాలం అది. అతనితో ‘దేవుడు మనల్ని పిలిచాడు’ అన్న మాటతో సంభాషణ ముగించవద్దు. ఆ మాట అన్న తరువాత పిల్లవాడు ఏమి అభ్యంతరం చెప్పినా దేవునితో వాదించినట్టవుతుంది. కాబట్టి అతడు నోరు మూసుకుంటాడు, ఆ మౌనాన్ని మనం విధేయత అనుకుంటాము. దానికి బదులు ‘నీకు ఇందులో అన్నిటికంటే ఏది నచ్చలేదు?’ అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు చెప్పకుండా వినండి. మీకు తెలియనివి తెలియవని చెప్పండి. ఏ వస్తువులు తనతో వస్తాయో, ఏవి ఎవరికి ఇవ్వాలో అతనే నిర్ణయించాలి. బడి ఏర్పాటు టిక్కెట్టు కంటే ముందు కావాలి: అక్కడ ఏ భాషలో చెబుతారు, ఏ పాఠ్యప్రణాళిక, ఆ ధ్రువపత్రాన్ని రేపు అతడు చేరబోయే కళాశాల గుర్తిస్తుందా అన్నవి వ్రాతపూర్వకంగా తెలుసుకోండి. గత తరాల మిషనరీలు పిల్లల చదువు కోసం వారిని చిన్నతనంలోనే దూరపు హాస్టళ్లకు పంపేవారు. హడ్సన్ టేలర్ స్థాపించిన చైనా ఇన్లాండ్ మిషన్ 1881లో చైనాలోని చీఫూలో ఇందుకోసమే ఒక పాఠశాల తెరిచింది. అక్కడ చదివినవారిలో కృతజ్ఞత ఉన్నవారూ ఉన్నారు, తల్లిదండ్రుల ముఖాలు మరచిపోయామని చెప్పినవారూ ఉన్నారు. మీరు ఎటు నిర్ణయించినా పిల్లలను ఆ నిర్ణయంలో కూర్చోబెట్టండి.

తల్లిదండ్రుల సంస్కృతి ఒకటి, పెరిగే దేశపు సంస్కృతి మరొకటి అయినప్పుడు ఆ రెండింటి మధ్య తమదైన మూడవది ఏర్పరచుకునే పిల్లలను 1950లలో సామాజిక శాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్ ‘మూడవ సంస్కృతి పిల్లలు’ అని పిలిచారు. వారితో చాలాకాలం పనిచేసిన డేవిడ్ పోలక్ ఊరు విడిచి వెళ్లేవారికి నాలుగు పనులు చెప్పేవారు: తెగిన సంబంధాలు సరిచేసుకోవడం, మేలు చేసినవారికి ఆ మాట నోటితో చెప్పడం, మనుషులకే గాక ఇష్టమైన చోట్లకు, వస్తువులకు కూడా వీడ్కోలు చెప్పడం, వెళ్లబోయే చోటును ముందుగా ఊహించుకోవడం. మొదటిది పెద్దలకు అన్నిటికంటే కష్టం. ఎవరితోనైనా మాటలు లేకుండా విమానం ఎక్కితే ఆ కోపం సామానుతోపాటే దిగుతుంది. మూడవది పెద్దలు మరచిపోయేది. మీ అమ్మాయిని ఇల్లంతా తిప్పి ప్రతి గదికీ వీడ్కోలు చెప్పించండి. పిచ్చిపనిలా అనిపిస్తుంది. మా అమ్మాయి మాత్రం వంటగది గోడను కౌగిలించుకుంది.

అత్తగారి మౌనాన్ని కూడా సమ్మతిగా తీసుకోవద్దు. మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో, దేవునికి అర్పితమైనదని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసినది ఎగవేసేవారిని యేసు ప్రభువు గద్దించారు. సేవకు బయలుదేరే ప్రతి కుటుంబమూ వణుకుతో చదవవలసిన వాక్యభాగమది. ‘ఎక్కడుంటారు’ అని కాక ‘ఎలా ఉండాలని ఉంది’ అని మీ భర్త ఒక్కరే కూర్చుని తల్లిని అడగాలి. ఆమె మందుల ఖర్చులో మీ వాటా నెలసరి లెక్కలో ఒక పద్దుగా ఉండాలి. మీ మరిదితో, ఆయన భార్యతో కూడా విడిగా మాట్లాడాలి, ఎందుకంటే రేపు ఇన్సులిన్ వేసేది ఆమె. అత్యవసరంగా ఒక్కరు తిరిగి రావడానికి సరిపడే డబ్బు ఎన్నడూ ముట్టని ఖాతాలో ఉండాలి.

ఎదురుచూసే ఈ నెలలకు అన్నిటికంటే మంచి ఉపయోగం భాష. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు ఇచ్చే శిక్షణలో ఇంగ్లీషు వారికి స్పానిష్ వంటి దగ్గరి భాషకు సుమారు ఆరేడు వందల తరగతి గంటలు, అరబ్బీ, చైనా, జపాను, కొరియా భాషలకు 2,200 గంటలు కేటాయిస్తుంది. మీకు లెక్క వేరుగా ఉండవచ్చు గాని భాష నెలల పని కాదని అర్థమవుతుంది. చాలా కుటుంబాలలో భర్త తరగతికి వెళ్తాడు, భార్య పిల్లలతో ఇంట్లో ఉంటుంది. రెండేళ్ల తరువాత ఆయన ప్రసంగం చేస్తాడు, ఆమె పొరుగింటివారితో సైగలు చేస్తుంది. ఆ ఒంటరితనం ఎన్ని కుటుంబాలను వెనక్కి తెచ్చిందో! మీ ఇద్దరి తరగతి గంటలు సమానంగా ఉండాలని ఇప్పుడే ఒప్పందం చేసుకోండి. 1813లో రంగూన్ చేరిన అమెరికా మిషనరీలు జడ్సన్ దంపతులలో భార్య ఆన్ ఇంటి పనులన్నీ బర్మా వారితోనే నడపవలసి రావడం వల్ల మాట్లాడటంలో భర్తను మించిపోయింది. వ్యాకరణంలో మాత్రం ఆయనే ముందు. ఆ ఇంటిలో తొలి బాప్తిస్మం 1819లో, బర్మా బైబిలు అనువాదం పూర్తయినది 1834లో. ‘ఎంతమందిని రక్షణలోకి నడిపించారు’ అని మొదటి ఏడాదే అడగబోయే మీ మద్దతుదారులకు ఈ సంవత్సరాలు ముందుగా చెప్పి ఉంచడం మంచిది.

ఇదంతా నేర్చుకునేటప్పుడు ఒక విషయం మనసులో ఉండనివ్వండి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో భారతీయ సేవకుడు వి. ఎస్. అజరయ్య, మిషనరీలు ఆస్తినీ ప్రాణాన్నీ ఇచ్చినందుకు కృతజ్ఞత తెలిపి, వాటితోపాటు స్నేహితులను కూడా ఇవ్వమని కోరారు. మీరు వెళ్లే దేశంలో సంఘం ఇప్పటికే ఉంటే, వారి క్రింద పనిచేయడానికి మీకు మనసుందా? అన్యదేశం నుండి వచ్చి మీ చుట్టుపక్కల నివసిస్తున్నవారి ఇంట భోజనానికి కూర్చుని, బోధించకుండా ఒక సాయంత్రం గడపగలరా? ఇప్పుడు చేయలేనిది విమానం దిగగానే చేయగలమనుకోవద్దు.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. చాలా దేశాలు ప్రవేశించేనాటికి పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. పిల్లల పాస్‌పోర్టుల గడువు పెద్దలవాటికంటే తక్కువ గనుక అవే ముందు అయిపోతాయి. వివాహ, జనన, విద్యా ధ్రువపత్రాలకు, ఆ దేశం 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉంటే, అపోస్టిల్ ముద్ర (పత్రం విదేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసేది) వేయించుకోవాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులకు మామూలుగా ఆరు నెలలు పడుతుంది. పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం వేయించుకున్న పది రోజుల తరువాతే చెల్లుతుంది, 2016 నుండి అది జీవితకాలం పనికివస్తుంది. పళ్ల చికిత్సలు ఇక్కడే ముగించుకోండి. వీసా దరఖాస్తులో మీ పని గురించి అబద్ధం వ్రాయవద్దు, ఎవరు ఎంత సమర్థించినా సరే. మీరిద్దరూ లేకపోతే పిల్లల సంరక్షకులు ఎవరో తెలిపే వీలునామా వ్రాయండి. అది వ్రాసిన రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు, కానీ ఆ తరువాత బాగా నిద్రపోయాము.

ఆరు నెలల గడువు ముగిసేసరికి వెళ్లకూడదనే తేలితే? అప్పుడు మార్కు అనే యోహానును గుర్తుచేసుకోండి. పౌలు, బర్నబాలతో సేవకు బయలుదేరి, పంఫూలియలోని పెర్గే నుండి అతడు వెనుదిరిగాడు. అతని విషయంలోనే పౌలు, బర్నబా వేరైపోయారు. ఏళ్ల తరువాత చెరసాల నుండి పౌలు తిమోతికి వ్రాస్తూ మార్కును వెంటబెట్టుకుని రమ్మన్నాడు, తన పరిచర్యకు అతడు ప్రయోజనకరమైనవాడని చెప్పాడు. ఈ మాట మీ భర్తకు కూడా చదివి వినిపించండి. బహుశా మీకంటే ఆయనకే ఎక్కువ అవసరం.

మిగిలినది ఆదివారం ప్రశ్న. ‘ఇంకా బయలుదేరలేదా?’ అని అడిగేవారిలో సగంమంది నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. వారికి తెలియదు గనుక అడుగుతారు. ‘ప్రార్థించండి’ అని నవ్వి తప్పుకోవడం వల్లే వచ్చే వారం మళ్లీ అదే ప్రశ్న వస్తుంది. పెద్దల అనుమతితో వచ్చే నెల ఒక ఆదివారం మీరిద్దరూ ముందు నిలబడి, మద్దతు 60 శాతం వచ్చిందని, 40 శాతం రావాలని, ఆరు నెలల గడువు పెట్టుకున్నామని, పిల్లల బడి ఇంకా కుదరలేదని, ఇంట్లో అందరూ అలసిపోయారని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ తరువాత కూడా ఎవరైనా అదే అడిగితే, ఒక సాయంత్రం మీ ఇంటికి వచ్చి పిల్లలను చూసుకోగలరా, ఆ రెండు గంటలు మేమిద్దరం భాష చదువుకుంటాము అని అడగండి. మాకు ఆ విధంగా ముగ్గురు దొరికారు. వారిలో ఒకామె, మేము అక్కడున్నంత కాలమూ, ప్రతి నెలా మా అబ్బాయికి విడిగా ఒక ఉత్తరం వ్రాసేది.